చెయ్యి తిరగాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పుట్టుకతో వచ్చే ప్రతిభ గురించి, పట్టుబట్టి చేసే సాధన గురించి మీ సందేహాలు రాయమని కిందటి నెల అడిగాం. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. సంగీతం, గణితం, చదరంగం, కుట్టుపని ఏళ్ల తరబడి నేర్పుతున్నవాళ్లు ఎవరి విద్య గురించి వాళ్లే రాశారు.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఏడాదిన్నరగా గాత్రం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు బాగానే వచ్చాయి గానీ జంట స్వరాల దగ్గర బండి ఆగిపోయింది. మూడో కాలం (నాలుగింతల వేగం) ఎత్తుకుంటే అంతా కలగాపులగమే. దీనితోపాటే చేరిన ఎదురింటి పాప గీతాలు దాటేసి వర్ణం మొదలుపెట్టింది. రోజూ గంటసేపు కూర్చోబెట్టి పాడిస్తున్నాను. దీనికి సంగీతం రాసిపెట్టి లేదేమో, మాన్పించమంటారా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాన్పించకండమ్మా. మీ ఉత్తరం చదివితే పాపకు గొంతు లేదని గానీ, చెవి లేదని గానీ అనిపించడం లేదు. సరళీ స్వరాలు వచ్చినపిల్లకు జంటలు రాకపోవడమంటూ ఉండదు. ఆ గంటలో ఏం పాడిస్తున్నారన్నదే చూడాలి.

జంట స్వరాల్లో పిల్లలు జారేది దాదాపు ఒకే చోట. ‘స స రి రి గ గ మ మ’ అన్నప్పుడు ప్రతి జంటలోనూ రెండో స్వరానికి కింది నుంచి చిన్న ఒత్తు పడాలి. మొదటి కాలంలో ఆ ఒత్తు పెట్టడానికి తీరిక ఉంటుంది. మూడో కాలంలో ఆ తీరిక ఉండదు. నాలుక ‘సస’ అంటూనే ఉంటుంది, గొంతు మాత్రం ‘సా’ అని సాగదీస్తుంది. వినేవాళ్లకు స్వరాలన్నీ ఉన్నట్టే ఉంటాయి గానీ జంట ఉండదు. పాపను ‘సస రిరి’ అనకుండా అకారంలో, అంటే ‘ఆ’ మీద, అదే వరస పాడమనండి. ఎనిమిది దెబ్బలు విడివిడిగా వినబడాలి. నాలుగే వినబడితే లోపం అక్కడే ఉంది.

రెండోది చేతి తప్పు. మూడో కాలం అనగానే పిల్లలు గొంతుతో పాటు తాళాన్నీ పరిగెత్తిస్తారు. తాళం నడక మారకూడదు. ఆది తాళంలో అక్షరానికి, అంటే తాళంలో ఒక్కో లెక్కకు, మొదటి కాలంలో ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నిమిషానికి 60 అక్షరాల నడక ఎత్తుకుంటే మూడో కాలంలో నిమిషానికి 240 స్వరాలు పాడాలి, అంటే సెకనుకు నాలుగు, అందులో రెండింటికి ఒత్తు. తొమ్మిదేళ్ల పిల్లకు ఇది పెద్ద బరువు. నడకను 40కి దించండి, మూడో కాలం 160 అవుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుంటే మీ అంచనా మీద ఆధారపడే పని ఉండదు.

మూడో సంగతి చాలామంది పట్టించుకోరు. మనం స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి) శుద్ధం, షడ్జమానికి (స) ఆనుకుని ఉంటుంది. గాంధారం (గ) అంతరం, అంటే ఎత్తైనది, కాబట్టి రి నుంచి గకు పెద్ద అంగే వెయ్యాలి. వేగం పెరిగితే ఆ అంగ వెయ్యలేక రి మెల్లగా పైకి, గ వైపు జరుగుతుంది. ‘స స రి రి’ దగ్గర ఆపి, ఆ రిని తంబూరా శ్రుతిలో నాలుగు అక్షరాల సేపు పట్టించండి. శ్రుతిలో నిలబడని రి చెవికి తెలిసిపోతుంది.

ఇక గంట సంగతి. ఒకే ఊపున గంట వద్దు. పొద్దున 20 నిమిషాలు, సాయంత్రం 20 నిమిషాలు చాలు. భోజనం చేసి గంటన్నర కాకుండా పాడించకండి. మొదటి ఐదు నిమిషాలు స, ప, పై స పట్టి నిలపాలి, ఇంకేమీ వద్దు. ఆ తర్వాత వరస మొత్తం ఒక్కసారి పాడించి, ఎక్కడ చెదిరిందో మీరు నోట్‌బుక్‌లో గీత గీయండి. ‘మమ పప’ దగ్గర చెదిరిందనుకుందాం. పది నిమిషాలూ ఆ నాలుగు స్వరాలే, మొదట రెండో కాలంలో. వరసగా మూడుసార్లు శుభ్రంగా వస్తే నడక నాలుగు పెంచండి. చెదిరితే ఎనిమిది తగ్గించండి. చివరి ఐదు నిమిషాలు పాపకు బాగా వచ్చిన సరళీ వరసో, తనకిష్టమైన పాటో పాడి లేవాలి. ఏడుపు మొహంతో లేచిన పిల్ల మర్నాడు శ్రుతిపెట్టె దగ్గరకు రాదు.

చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. మొదటి నుంచి పాడతారు, నాలుగో జంట దగ్గర తప్పుతారు, ‘మళ్లీ మొదటి నుంచి’ అంటారు. అలా ముప్పైసార్లు పాడితే ‘సస రిరి గగ’ ముప్పైసార్లు సాధన అవుతుంది, అవి ముందే వచ్చు. రాని చోటు మాత్రం ముప్పైసార్లు తప్పుగానే గొంతులో కూర్చుంటుంది. గొంతు ఒకసారి పట్టిన తప్పును మాన్పించడం కొత్తది నేర్పడం కంటే రెండింతల పని.

ప్రతి ఆదివారం ఒక్క నిమిషం రికార్డు చేసి తేదీతో దాచండి. నాలుగు వారాల తర్వాత మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన వినిపించండి. రోజూ వినేవాళ్లకు తెలియని మార్పు అందులో తెలుస్తుంది. తేడా లేకపోతే ఆ రెండూ గురువుగారికి వినిపించండి, శ్రుతి (పాటకు ఆధారమైన స స్థాయి) మార్చాలేమో ఆవిడ చెబుతారు. ఆ వయసు ఆడపిల్లలకు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతి పెడతారు. కింది పంచమం, పై షడ్జమం రెండూ ఇబ్బంది లేకుండా అందాలన్నది లెక్క. గొంతు బొంగురు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం పాట ఆపి చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించండి.

ఎదురింటి పాప గురించి ఒక్క మాట. ఆ ఇంట్లో ఎవరు పాడేవారో, ఉయ్యాలలో ఏం విన్నదో, ఆ చెవి ఎన్నేళ్ల ముందు నుంచి తయారవుతూ వచ్చిందో మీకు తెలియదు. ఏడాదిన్నర మీరు చూసింది మాత్రమే. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఘంటసాల గారి పేరు పెట్టారు. ఆ గొంతు దైవదత్తం అని అందరం అంటాం, నిజమే కావచ్చు. ఆయన విజయనగరంలో మధూకరం ఎత్తుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర ఏళ్ల తరబడి శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారన్నదీ అంతే నిజం.

ప్రశ్న: ఏ విద్యలోనైనా 10,000 గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులైపోతారని వాట్సాప్‌లో తరచూ వస్తోంది. ఇది నిజమేనా?
– మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: అలా ఎవరూ నిరూపించలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. అందరికంటే బాగా వాయించే జట్టు ఇరవై ఏళ్ల వయసుకు చేసిన ఏకాంత సాధన సగటున 10,000 గంటల దగ్గర తేలింది. అది సగటు. ఆ జట్టులోనే చాలామంది అంతకు తక్కువ చేశారు. తర్వాత ఎవరో దాన్ని సూత్రంగా మార్చి ప్రచారం చేస్తే, అది తన మాట కాదని ఎరిక్సనే చెప్పారు. ఆయన నొక్కిచెప్పింది సాధన తీరు గురించి: ఒక నిర్దిష్టమైన లోపం మీద పనిచెయ్యాలి, తప్పు వెంటనే తెలియాలి, సులువుగా వచ్చేదాన్ని దాటి కొంచెం కష్టమైనది చెయ్యాలి.

రెండో వైపూ చెప్పాలి. ఇలాంటి పరిశోధనలన్నిటినీ కలిపి 2014లో లెక్కగడితే, మనుషుల మధ్య నైపుణ్యంలో కనిపించే తేడాల్లో సాధనతో ముడిపడింది చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21 శాతం, క్రీడల్లో 18 శాతం అని వచ్చింది. మిగతాదాంట్లో మొదలుపెట్టిన వయసు, ఒడ్డూ పొడుగూ, దొరికిన గురువు, వంశం నుంచి వచ్చింది, ఇలా చాలా ఉండొచ్చు. కష్టపడితే అందరూ ఒకే చోటికి చేరతారని పిల్లలకు చెప్పకండి. నిన్నటి కంటే ముందుకు చేరతారని చెప్పండి, అది మాత్రం ఖాయం.

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. హాస్టల్లో ఉంటున్నాను. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదకొండు దాకా పుస్తకాలే. అయినా వీక్లీ టెస్టుల్లో లెక్కల మార్కులు మూడు నెలలుగా అక్కడే ఉన్నాయి. నా పక్క బెడ్ వాడు ఆడుతూ పాడుతూ నాకంటే ఎక్కువ తెచ్చుకుంటాడు. నాకు బుర్ర లేదనుకోవాలా?
– ఒక విద్యార్థి, గూడవల్లి

జవాబు: బుర్ర లేదని నువ్వే తీర్పు చెప్పుకోకు నాయనా. ముందు ఒక పని చెయ్యి. గత ఆరు వీక్లీ టెస్టుల పేపర్లు బయటకు తియ్యి. తప్పుపోయిన ప్రతి లెక్క పక్కనా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి రాయి: తెలియదు, తెలుసుగానీ మధ్యలో తప్పాను, ప్రశ్న సరిగా చదవలేదు, టైము చాల్లేదు. ఈ పనికి గంటన్నర పడుతుంది. పద్దెనిమిది గంటల రోజులో అంతకంటే విలువైన గంటన్నర ఉండదు.

నీలా ఎక్కువసేపు చదివేవాళ్లలో చాలామందికి రెండో రకమే ఎక్కువ తేలుతుంది. ఒక ఉదాహరణ చూడు. ‘ఎక్స్ సైన్ ఎక్స్’కు సమాకలని (ఇంటెగ్రల్) కట్టాలి. విభాగ సమాకలనం (ఇంటెగ్రేషన్ బై పార్ట్స్) అని తెలుసు, ఎక్స్‌ను మొదటి ప్రమేయంగా తీసుకోవాలనీ తెలుసు. సైన్‌కు సమాకలని ‘మైనస్ కాస్’, కాబట్టి మొదటి పదం ‘మైనస్ ఎక్స్ కాస్ ఎక్స్’ అని సరిగానే వేస్తావు. రెండో పదంలో సూత్రం తాలూకు మైనస్ ఒకటి, కాస్ ముందరి మైనస్ ఇంకొకటి. రెండూ కలిసి ప్లస్ కావాలి. తొందరలో ఒక మైనస్ మింగేస్తే ‘మైనస్ సైన్ ఎక్స్’ అని దిగుతుంది. సరైనది ‘మైనస్ ఎక్స్ కాస్ ఎక్స్ ప్లస్ సైన్ ఎక్స్ ప్లస్ సి’. ఆప్షన్లలో రెండూ ఉంటాయి, నీ తప్పు జవాబు నిన్ను చూసి నవ్వుతూ ఉంటుంది. ఇంకో యాభై సమాకలనాలు చేసినా ఈ తప్పు పోదు. అదే అలవాటుతో ఇంకో యాభై చేస్తావు, అంతే. వచ్చిన జవాబును అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి మొదటి ప్రమేయం తిరిగి వస్తుందో లేదో చూడటం పదిహేను సెకన్ల పని. పది రోజులు ప్రతి లెక్కకూ చేస్తే గుర్తులు వేసేటప్పుడే చెయ్యి జాగ్రత్త పడుతుంది.

అందుకని ఒక తప్పుల నోట్‌బుక్ పెట్టు. ఎడమ పేజీలో తేదీ, లెక్క, ఏ లైన్లో తప్పానో, ఎందుకు తప్పానో ఒక్క వాక్యం. కుడి పేజీ ఖాళీగా ఉంచు. రెండో రోజున, వారానికి, మూడు వారాలకు అదే లెక్కను ఎడమ పేజీ మూసి కుడివైపు చెయ్యి. మూడుసార్లూ సరిగా వస్తే కొట్టెయ్యి. మధ్యలో తప్పితే తేదీలు మళ్లీ మొదటి నుంచి వేసుకో. మరచిపోతున్న దశలో గుర్తుచేసుకుంటేనే గట్టిగా నిలుస్తుంది. ఒకే రాత్రి ఒకే చాప్టర్ ఐదుసార్లు తిప్పితే ఆ రాత్రికే వచ్చినట్టుంటుంది.

సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. అర్థం కావడం వేరు, చెయ్యగలగడం వేరు. మెటీరియల్‌లో సాధించిన లెక్కలను కాగితంతో కప్పి ఒక్కో లైనూ నువ్వే ముందు రాయాలి. పది నిమిషాలు కుస్తీ పట్టినా కదలకపోతే కాగితాన్ని ఒక్క లైను కిందకు జరిపి చూడు, మొత్తం తెరవకు.

టైము చాలకపోతే దాని మందు వేరు. ఏపీ ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు సుమారు 67 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలు, తప్పుకు ఒక మార్కు పోతుంది. మొదటిదానికి వేగం, రెండోదానికి ఏది వదిలెయ్యాలన్న వివేకం కావాలి. వారానికి రెండుసార్లు 20 బిట్లు తీసుకుని 22 నిమిషాలకు అలారం పెట్టుకుని చెయ్యి. కానీ మొదట తప్పులు తగ్గాలి. తప్పుల మీద వేగం పెంచితే తప్పులే వేగంగా వస్తాయి.

పదకొండుకు పడుకుని ఐదింటికి లేస్తే ఆరు గంటల నిద్ర. నీ వయసుకు అది చాలదు. గంట ముందు పడుకో. ఆ గంటను పగటి చదువులో నుంచి తీసెయ్యి, నష్టం ఉండదు. పగలు నేర్చింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. పక్క బెడ్ వాడిని కొలబద్దగా పెట్టుకోకు. వాడు పదో తరగతిలోనే త్రికోణమితి గట్టిగా చేసుకుని వచ్చి ఉండొచ్చు. నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బతకాలనిపించనంత దిగులు కమ్మినా ఆ రోజే అమ్మానాన్నలకు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. రాంకు కంటే నువ్వు ముఖ్యం.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. చెస్‌లో ఎనిమిది నెలలుగా రేటింగ్ 1450 దగ్గరే నిలిచింది. కోచింగ్ ఆపేద్దామా?
– పటమట, విజయవాడ

జవాబు: ఆన్‌లైన్‌లో రోజుకు ఎన్ని బ్లిట్జ్ ఆటలు ఆడుతున్నాడో ముందు చూడండి. మూడు నిమిషాల ఆటలు రోజుకు ఇరవై ఆడితే సాధన చేసినట్టే ఉంటుంది, నిజానికి పాత అలవాట్లే గట్టిపడతాయి. వాటిని రోజుకు రెండుకు తగ్గించండి. టోర్నమెంట్‌లో ఓడిన ఆటల స్కోర్‌షీట్లు దాచండి. ఒక్కో ఆటను ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవకుండా నలభై నిమిషాలు తనంతట తనే చూసి, ఎక్కడ ఏమనుకుని ఆ ఎత్తు వేశాడో పెన్సిల్‌తో రాయాలి. ఇంజిన్ ఆ తర్వాతే. ఈ స్థాయిలో ఎక్కువ ఆటలు పోయేది అవతలివాడి బెదిరింపు చూడకపోవడం వల్ల, ఆఖరి దశలో రాజు-బంటు ఆట రాకపోవడం వల్ల. ఆపోజిషన్ (రాజులు ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచే స్థితి) బాగా వచ్చిందో లేదో ఈ వారమే అడిగి చూడండి. మన విజయవాడ కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ మాత్రం 2019లో, తల్లయి కొంతకాలం ఆటకు దూరంగా ఉండి వచ్చాక గెలిచారు, 2024లో మళ్లీ గెలిచారు. మధ్యలో గడిచింది పదిహేడేళ్లు. ఎనిమిది నెలలకు తొందరపడకండి.

ప్రశ్న: నాలుగు నెలలుగా జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్నాను. కటింగు, డాట్లు, హుక్స్ పట్టీ అన్నీ వచ్చాయి. చేతులు ఎక్కించేటప్పుడు మాత్రం ప్రతిసారీ ముడతలే. ‘నీ చేతికి కుట్టు రాదు’ అని ఇంట్లో అంటున్నారు. ఇప్పటికి పదకొండు జాకెట్లు కుట్టాను.
– లాలాపేట, గుంటూరు

జవాబు: పదకొండు జాకెట్లంటే చేతులు ఎక్కించింది ఇరవై రెండుసార్లే, అదీ నాలుగు నెలల్లో, ప్రతిసారీ మిగతా పని చేసి అలసిపోయాక. ఆ ఒక్క పనినే విడదీసి చెయ్యండి. చవక లైనింగ్ గుడ్డ రెండు మీటర్లు తెచ్చుకోండి. జాకెట్టు మొత్తం కత్తిరించొద్దు. ముందు భాగానికీ వెనక భాగానికీ భుజం నుంచి చంక దాకా వచ్చే పది అంగుళాల ముక్కలు, వాటికొక చెయ్యి. రెండు మీటర్లలో ఇలాంటి సెట్లు ఆరు వస్తాయి. ఒక్కో సెట్టు కుట్టి, విప్పి, మళ్లీ కుడుతూ మూడేసిసార్లు చేస్తే వారంలో పద్దెనిమిది చేతులు అవుతాయి.

కుట్టే ముందు టేపుతో రెండు కొలతలు తియ్యండి. చంక గుండ్రం ముందూ వెనకా కలిపి 16 అంగుళాలుంటే చెయ్యి పై వంపు 16½ ఉండాలి. అంగుళం మించి ఎక్కువుంటే కుచ్చులు పడతాయి, తక్కువుంటే చంక దగ్గర లాగుతుంది. టేపును పడుకోబెట్టకండి, అంచు మీద నిలబెట్టి వంపు వెంట తిప్పితేనే సరైన కొలత వస్తుంది. ముందువైపు వంపు వెనకవైపు కంటే అర అంగుళం లోతుగా తీసి ఉండాలి. చేతి నడిమధ్యన చిన్న గాటు పెట్టి దాన్ని భుజం కుట్టుకు కలిపి గుండుసూది గుచ్చండి. తర్వాత రెండు చంక చివరలు, ఆ తర్వాత మధ్య భాగాలు. మొదటి ఆరింటికీ కచ్చా కుట్టు వేసుకోండి, బద్ధకించకండి.

అసలు కిటుకు ఇక్కడుంది. మిషను పళ్లు కింద ఉన్న గుడ్డను ముందుకు లాగుతాయి, పైన ఉన్న గుడ్డ పాదం కింద కొంచెం వెనకబడుతుంది. ఎక్కువ కొలత ఉన్నది చెయ్యి కాబట్టి చెయ్యి కిందకు, జాకెట్టు పైకి వచ్చేలా పెట్టి కుట్టాలి. ఆ అర అంగుళాన్ని పళ్లే సర్దేస్తాయి. చాలామంది చేతిని పైన పెట్టి వేళ్లతో తోస్తూ కుడతారు, మిగిలినదంతా చివర పోగై ముడత పడుతుంది. మోటారు ఉంటే ఈ వారం తీసేసి కాలితో తొక్కండి. రెండు అంగుళాలకోసారి సూది గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డ సర్దుకుని సాగాలి. నూలుకు 14 నంబరు సూది, పట్టుకు 11.

ప్రతి ముక్క మీదా ముడత ఎక్కడ పడిందో చాక్‌పీసుతో గుర్తుపెట్టి తేదీ వేసి దాచుకోండి. భుజం మీద పడితే చేతి వంపు ఎక్కువైందని, చంక నుంచి ఏటవాలుగా లాగితే తక్కువైందని అర్థం. ముడతలన్నీ ముందువైపే పడి, వెనక బిగుతుగా ఉంటే కొలతలు మార్చకండి. కుడి చెయ్యి తెచ్చి ఎడమకు ఎక్కించి ఉంటారు, విప్పి జత మార్చి చూడండి.